నూట నలభై మూడు రోజులు

జులై వచ్చిందంటే మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టుకునే చోటుండేది కాదు. రెండు మూడు నెలల పాటు అది నాన్న ఆఫీసు. ల్యాప్‌టాప్, ప్రింటరు, పొడుగాటి రూళ్ల పుస్తకం, రెండు జతల కళ్లజోళ్లు, గోడ మీంచి తీసి పక్కన పెట్టుకున్న తెలుగు క్యాలెండరు. నేనూ, మా ఆయనా, మా అమ్మాయీ కిచెన్ బెంచికి చేరగిలబడి తినేవాళ్లం. నేను విసుక్కునేదాన్ని. నాన్న చెవిన వేసుకునేవాడు కాదు.

నాన్న ఆస్ట్రేలియాలో ఈ కాన్‌బెర్రాకి వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది. ఇక్కడే నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక బతిమాలి, పోట్లాడి, హారిసన్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాం. వచ్చిన ఏడాదే ఎవరో స్టూడెంటుకి టాక్స్ రిటర్న్ నింపిపెట్టాడు. ఆ అబ్బాయి వెళ్లి తన హౌస్‌మేట్లందరికీ చెప్పాడు. మరుసటి ఏడాదికల్లా గుంగాలిన్ చుట్టుపక్కల కొత్తగా దిగిన తెలుగువాళ్లంతా "అంకుల్, ఈ సండే ఖాళీయేనా?" అని ఫోన్లు. అమ్మ పోయినప్పటి నుంచి నలిగిన టీషర్టులోనే రోజులు గడిపిన మనిషి మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నది వీళ్ల కోసమే. అందుకే ఎంత విసుక్కున్నా నేను వద్దనలేదు.

నాన్నకి రెండు నియమాలుండేవి. ఒకటి, డబ్బు తీసుకోడు. లైసెన్సు లేని మనిషి పదిమంది రిటర్నులు నింపి డబ్బు పుచ్చుకోవడం ఈ దేశంలో నేరం. నేరం కాకపోయినా పుచ్చుకునేవాడు కాదు. రెండోది, వచ్చినవాళ్లు ముందు తినాలి. "ఆకలి మీదున్నవాడు ఏదడిగినా ఊఁ అంటాడు. తిన్నాక చెప్పేవే సరైన జవాబులు" అనేవాడు. ఆ తినేది వండాల్సింది మాత్రం నేను. ఆ నెలల్లో నేను కలిపినంత పులిహోర ఈ ఊళ్లో ఏ గుళ్లోనూ కలిపి ఉండరు.

ఇక ఆ క్యాలెండరు సంగతి. ఇక్కడ అందరి పన్నులోనూ ప్రభుత్వ వైద్యం కోసమని మెడికేర్ లెవీ కొంత తీస్తారు. స్టూడెంటు వీసా మీద ఉన్నవాళ్లకి ఆ వైద్యం అందదు కాబట్టి లెవీ కట్టక్కర్లేదు. పీఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి, వచ్చిన రోజు నుంచి కట్టాలి. అందుకని ఏడాది మధ్యలో పీఆర్ వచ్చినవాళ్లకి, ఇక్కడి ఆర్థిక సంవత్సరం మొదలయ్యే జులై ఒకటి నుంచి పీఆర్ ముందురోజు దాకా ఎన్ని రోజులో లెక్కపెట్టి రిటర్నులో వేయాలి. ఎవరైనా కంప్యూటర్‌లో కొడితే క్షణంలో వచ్చేస్తుంది. నాన్న మాత్రం ఇండియన్ షాపువాళ్లు ఊరికే ఇచ్చిన క్యాలెండరు ముందేసుకుని, ఒక్కో నెలా తిప్పుతూ, బొటనవేలితో వేళ్ల కణుపులు తాకుతూ లెక్కపెట్టేవాడు. ఆర్థిక సంవత్సరం సగం పోయినేడులో ఉంటుందని పాత క్యాలెండర్ని కూడా పారేయనిచ్చేవాడు కాదు.

లెక్కపెట్టడానికి ముందు ఒక ప్రశ్న వేసేవాడు. "పీఆర్ ఈమెయిల్ వచ్చినప్పుడు ఎక్కడున్నావు?" టాక్స్ ఆఫీసుకి ఆ ప్రశ్నతో పనిలేదు. నాన్నకి పని ఉండేది. ఒకతను ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీ క్యూలో ఉన్నాడట. ఒకావిడ కాన్పు నొప్పుల్లో ఉందట. ఇవన్నీ పుస్తకంలో ఆ రోజుల లెక్క పక్కనే రాసుకునేవాడు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ రోజు గురించి అడిగేవాళ్లు ఇక్కడ ఎవరుంటారు? చెప్తూ చెప్తూ కొందరు ఏడ్చేవాళ్లు. నేను పులిహోర గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయేదాన్ని.

వాళ్లలో ఒక అమ్మాయి నాకు బాగా గుర్తు. వరంగల్ వైపు నుంచి చదువుకోవడానికి వచ్చి, బెల్‌కానెన్‌లో వృద్ధుల హోమ్‌లో పని చేసేది. తనకి పీఆర్ నవంబరు ఇరవై ఒకటిన వచ్చింది. "అప్పుడొక గ్రానీకి స్నానం చేపిస్తున్న అంకుల్. చేతికి గ్లవ్స్, తడి. ఫోన్ మోగింది గానీ తీయలేదు. టీ బ్రేక్‌ల చూసిన. ఫస్ట్ ఆ గ్రానీకే చెప్పిన. ఆమెకేం సమజ్ కాలేదు, కానీ నా చేయి పట్టుకున్నది" అంది. నాన్న కళ్లజోడు తుడుచుకుని, "కార్తీకమాసంలో వచ్చిందన్నమాట" అని లెక్క మొదలుపెట్టాడు. నూట నలభై మూడు రోజులు. పుస్తకంలో రాశాడు, ల్యాప్‌టాప్‌లో కొట్టాడు. ఆ అమ్మాయి నాన్న పక్కన నిలబడి మా చేత ఫోటో తీయించుకుంది. ఊళ్లో వాళ్లమ్మకి పంపాలట.

మరుసటి ఏడాది ఏప్రిల్లో, చలి ఇంకా ముదరకముందు, ఆ అమ్మాయే నాకు ఫోన్ చేసింది.

"అక్కా, అంకుల్‌కి చెప్పకండి ప్లీజ్. టాక్స్ ఆఫీస్ నుంచి నాకు లెటర్ వచ్చింది. నేను మూడొందల అరవై అయిదు రోజులు క్లెయిమ్ చేసినంట. లెవీ కట్టమన్నరు, వడ్డీతోటి."

నాన్న దగ్గర దాచడం నాకు చేతకాలేదు. ఆయన వెంటనే పుస్తకం తీశాడు. అందులో నూట నలభై మూడు అని ముత్యాల్లాంటి అంకెలు. ల్యాప్‌టాప్ తెరిచి, పంపిన రిటర్ను కాపీ చూశాడు. అందులో మూడు వందల అరవై అయిదు. నాన్న అటూ ఇటూ చాలాసేపు చూశాడు.

"నేను మార్చానే" అన్నాడు.

ఆ మాటకి అర్థం నాకు తెలుసు. మా దగ్గరికి రెండో ఏడాది కూడా వచ్చినవాళ్ల వివరాలు ఆ సాఫ్ట్‌వేర్ పోయినేటి రిటర్ను నుంచి తనే తెచ్చి పెడుతుంది. పోయినేడు ఆ అమ్మాయి ఏడాదంతా స్టూడెంటు, కనక మూడు వందల అరవై అయిదు. దాన్ని చెరిపి కొత్త అంకె కొట్టాలి. నాన్న చెరపడం మర్చిపోయాడు. అంతకంటే ఏముంటుంది?

ఆ నెలలోనే ఇంకో ఆరుగురికి ఉత్తరాలొచ్చాయి. ఏడుగురూ ఆ ఏడాదే పీఆర్ వచ్చినవాళ్లు. ఏడుగురిదీ అదే తప్పు. మా అమ్మాయి ఫోన్ మీంచి తలెత్తకుండానే, "తాతా, ఇట్స్ ప్రాబబ్లీ ఎ బగ్" అంది. "నువ్వూరుకో" అన్నాను నేను. తర్వాత నాన్న వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా, "సాఫ్ట్‌వేర్ తనంతట తాను అంకెలు మార్చేస్తుందా నాన్నా?" అన్నాను.

నేను చేసే ఉద్యోగం ఏమిటో ఇక్కడ చెప్పక తప్పదు. ఊరి నడిబొడ్డున సివిక్‌లో ఒక ప్రభుత్వ శాఖలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికినందుకే పదిహేనేళ్లుగా నాకు జీతం ఇస్తున్నారు. ఏ ప్రోగ్రామునీ నమ్మకపోవడమే నా పని. అలాంటిదాన్ని, నాన్న ఒక మాటా, కంప్యూటర్ ఇంకో మాటా చెప్పినప్పుడు కంప్యూటర్ మాట పట్టుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాన్న మళ్లీ "నేను మార్చానే" అనలేదు. ఒక్కసారే అన్నాడు, నేను జవాబు చెప్పేశాను, అంతే.

ఎందుకంత తేలిగ్గా నమ్మానంటే, నేను అప్పటికే నాన్న మీద ఒక కన్నేసి ఉంచాను. ఒకసారి స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయాడు. మా అమ్మాయిని నా పేరుతో పిలిచాడు. గుంగాలిన్ షాపుల కార్ పార్కులో కారు ఎక్కడ పెట్టాడో తెలీక గంట తిరిగాడు. ఆ కార్ పార్కులో నేనూ రెండుసార్లు కారు పోగొట్టుకున్నాను. నేను పోగొట్టుకుంటే పని ఒత్తిడి, నాన్న పోగొట్టుకుంటే మతిమరుపు. మనసులో ఒక పట్టీ రాసుకుంటూ పోయాను. ఈ ఏడు ఉత్తరాలూ ఆ పట్టీలో చేరాయి.

నాన్న ఏడు ఇళ్లకీ వెళ్తానన్నాడు. ఫోన్లో చెబితే సరిపోదట. శని ఆదివారాల్లో నేనే కారులో తిప్పాను. ప్రతి ఇంట్లోనూ గుమ్మం దగ్గరే చేతులు జోడించి, "నా వల్ల పొరపాటు జరిగింది" అనేవాడు. ఆయన చేతులు పట్టుకుని దింపేసి, "అయ్యో అంకుల్, పర్లేదు" అనేవాళ్లు. వరంగల్ అమ్మాయి అయితే "మీరట్ల అంటే నాకు పాపం తగుల్తది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరైనా ఒక్కరు కోప్పడి ఉంటే బాగుండేదని తిరిగొస్తూ కారులో నాన్న అన్నాడు.

ఆ జులైలో టేబుల్ ఖాళీగా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ రాలేదు. అందరూ ఒకరికొకరు చెప్పుకుని బెల్‌కానెన్‌లో ఎవరో ఏజెంటు దగ్గరికి వెళ్లారు. అది నాకు తెలుసు, నాన్నకీ తెలుసు. మేము కుర్చీల్లో కూర్చుని, కంచాలు టేబుల్ మీద పెట్టుకుని తిన్నాం. అన్నేళ్లు నేను కోరుకున్నది అదే.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గడియారం బొమ్మ వేయమన్నారు, వందలోంచి ఏడేడు తీసేయమన్నారు, మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడిగారు. నాన్న అన్నీ చేశాడు. డాక్టర్ "ఈ వయసుకి బాగానే ఉంది. కావాలంటే ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నాడు. నేను మొదటి వాక్యం వినలేదు. రెండోదే విన్నాను. ఇంటికొచ్చి క్యాలెండర్‌లో ఆరు నెలల తర్వాతి తేదీ చుట్టూ గుండ్రంగా గీశాను, అదీ నాన్న చూస్తుండగా.

మర్నాడు పొద్దున కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇక నువ్వే దింపు తల్లీ. ఏదైనా జరిగితే నాకొక్కడికే కాదుగా" అన్నాడు. నేను అడగకుండానే ఇచ్చినందుకు, సిగ్గులేకుండా, హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత నాన్న మాట్లాడ్డం తగ్గిపోయింది. పాత రోజులు చెప్పేటప్పుడు మధ్యలో ఆగి, "అవునా? అంతేనా?" అని నా ముఖంలోకి చూసేవాడు. తర్వాత చెప్పడమే మానేశాడు.

ఆ వేసవిలో, అంటే ఇక్కడ డిసెంబరులో, ఒక కవరొచ్చింది. నాన్న పేరు మీద, కోర్టు అనుమతితో పంపుతున్న నోటీసని పైనే రాసి ఉంది. నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే నాన్న అదే కవరులో వచ్చిన ఫారం ఒకటి నింపి, మడిచి, ఇంకో కవరులో పెట్టి ఇచ్చాడు.

"ఇది పోస్టు చెయ్యమ్మా. ఆ టాక్స్ సాఫ్ట్‌వేర్ వాళ్ల మీద ఎవరో కేసు వేశారట. కొన్నవాళ్లందరూ అందులో ఉన్నట్టే అంటున్నారు. వద్దనుకున్నవాళ్లు ఫారం పంపాలట. నేను వద్దని రాశాను."

"ఎందుకు నాన్నా?"

"నేను చేసిన తప్పుకి వాళ్ల మీద కేసేంటమ్మా? అది మర్యాద కాదు."

అసలు నోటీసు కూడా బ్యాగులో వేసుకుని ట్రామ్ ఎక్కాను. ఉద్యోగపు అలవాటు, ఏ కాగితమైనా చదవకుండా వదల్లేను. క్లాస్ యాక్షన్ అట. ఒకే రకంగా నష్టపోయినవాళ్లందరి తరఫునా ఒకరిద్దరి పేరు మీద నడిచే కేసు. మిగతావాళ్లు ఏమీ చేయకపోయినా అందులో ఉన్నట్టే. బయటికి వెళ్లాలనుకున్నవాళ్లే చెప్పాలి. రెండో పేజీలో ఆరోపణ ఏమిటో రాశారు. ఆ ఏడాది వచ్చిన వెర్షన్‌లో, పోయినేటి రిటర్ను నుంచి వివరాలు తెచ్చుకున్నప్పుడు, మెడికేర్ లెవీ మినహాయింపు రోజుల దగ్గర కొత్త అంకె కొడితే తెర మీద కొత్త అంకే కనిపించేదట. పంపేటప్పుడు మాత్రం పాత అంకె వెళ్లేదట. దాచుకున్న కాపీలోనూ పాత అంకే పడేదట.

మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివాను. అలాంటి తప్పుని నేను నా చేతుల్తో ఎన్నిసార్లు పట్టుకున్నానో. తెర ఒకటి చూపిస్తుంది, లోపల ఇంకొకటి దాచుకుంటుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారం నేర్పే సంగతి అది. ట్రామ్ ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయారు. నేను నోటీసు ఒళ్లో పెట్టుకుని అక్కడే ఏడ్చాను. నాన్న మార్చాడు. మార్చానని చెప్పాడు కూడా.

ఆఫీసుకి వెళ్లలేదు. అదే ట్రామ్‌లో వెనక్కొచ్చాను. ఆ పేరా చదివి వినిపిస్తే నాన్న ఓపిగ్గా విన్నాడు.

"లాయర్లు అలాగే రాస్తారమ్మా. నిజమో కాదో కోర్టు తేల్చాలిగా. ఒకవేళ నిజమైనా, నా దగ్గర జరిగింది అదేనని ఏంటి? నేను మర్చిపోయి ఉండొచ్చు కదా?"

"నువ్వు మర్చిపోలేదు నాన్నా."

"నీకెలా తెలుసు?"

ఏప్రిల్లో ఆయన్ని నమ్మి ఉంటే దీనికి నా దగ్గర జవాబు ఉండేది. ఇప్పుడు కాగితం చూసి నమ్మినదాన్ని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? కవరు పోస్టు చేయనని మాత్రం అన్నాను. "అది నా సంతకం. నువ్వు ఆపకూడదు" అన్నాడు. గడువు ఇంకా పది రోజులుంది. వారం ఆగమని బతిమాలాను.

ఆ వారమంతా ఏడుగురికీ ఫోన్లు చేశాను. ఆ రోజు నాన్న కొట్టిన అంకె ఎవరైనా కళ్లారా చూశారా? ఎవరికీ గుర్తు లేదు. పులిహోర గుర్తుందన్నారు. చివరికి వరంగల్ అమ్మాయికి చేశాను.

"అక్కా, ఫోటో ఉన్నది కదా. అంకుల్ నేనూ దిగింది. ఎన్కల ల్యాప్‌టాప్ ఉన్నట్టుంది. ఉండండి, చూస్త."

ఆదివారం మధ్యాహ్నం పని నుంచి నేరుగా, హోమ్ వాళ్ల యూనిఫారంతోనే వచ్చింది. నాన్న లేచి నిలబడి, "తిన్నావా అమ్మా?" అని అడిగాడు. "తర్వాత తింట అంకుల్, ముందిది చూడండి" అని ఫోను టేబుల్ మీద పెట్టింది. ఫోటోలో తను వేళ్లతో విజయ చిహ్నం చూపిస్తోంది, పక్కన నాన్న ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని నిలబడ్డాడు. ఇద్దరి భుజాల మధ్యా ల్యాప్‌టాప్ తెర. దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసింది. కాస్త మసకగా ఉంది గానీ, మెడికేర్ లెవీ అన్న పేజీ అది. మినహాయింపు రోజులు అన్న గడిలో నూట నలభై మూడు.

నాన్న కళ్లజోడు తీసి, ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకుని చూశాడు. కళ్లజోడు పెట్టుకుని దూరంగా పట్టుకుని చూశాడు. ఒకటి, నాలుగు, మూడు అని వేలితో తాకాడు. తాకగానే ఫోటో చిన్నదైపోతే కంగారుపడ్డాడు. ఆ అమ్మాయి మళ్లీ పెద్దది చేసి ఇచ్చింది.

"కొట్టాను" అన్నాడు. "చూశావా అమ్మా, నేను కొట్టాను."

"అవును అంకుల్. మీరు కొట్టిన్రు. నేనే వేరే ఏజెంట్ దగ్గరికి పోయిన. సారీ అంకుల్." ఆ అమ్మాయి నాన్న భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాన్న ఆమె తల నిమురుతూ, "ఛ, ఊరుకో. నువ్వేం చేశావు తల్లీ, నువ్వు ఫోటో తీసుకున్నావు కదా" అన్నాడు.

తర్వాత ఆ అమ్మాయికి అన్నం పెట్టాను. తను వెళ్లేటప్పుడు నాన్న గుమ్మం దాకా వెళ్లి, "సాఫ్ట్‌వేర్ కొన్నది నేను కాబట్టి నీ పేరు వాళ్ల దగ్గర ఉండదు. నువ్వు కూడా ఆ కేసులో పేరు ఇవ్వు. మిగతా ఆరుగురికీ చెప్పు. నీ ఫోటో లాయర్లకి పనికొస్తుంది" అన్నాడు. అన్నాళ్లలో ఆయన ఒకరికి ఒక సలహా ఇవ్వడం అదే మొదటిసారి. తలుపు వేసి వచ్చాక నేను బ్యాగులోంచి కవరు తీసి ఇచ్చాను. నాన్న దాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. ఆ కేసు ఇంకా తేలలేదు. కంపెనీవాళ్లు తమ తప్పేమీ లేదనే అంటున్నారు. తేలే దాకా నాన్న ఉండాలని నేను రోజూ మొక్కుకుంటున్నాను.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం వెనక వరండాలో కూర్చున్నాం. నేను చెప్పాల్సింది చెప్పేశాను. "నిన్ను నమ్మలేదు నాన్నా. అడక్కుండానే తీర్పు చెప్పేశాను. క్షమించు" అన్నాను. అనడానికి నాకు చాలాసేపు పట్టింది.

నాన్న నా చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"నువ్వు నమ్మలేదని కాదమ్మా నా బాధ. నేను కూడా నమ్మలేదు."

నెమ్మదిగా చెప్పాడు. ఆ ఏడో ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచి రోజూ పొద్దున స్నానానికి వెళ్లినప్పుడు, నీళ్ల చప్పుడులో ఎవరికీ వినపడకుండా, తనకు తానే పరీక్ష పెట్టుకునేవాడట. అమ్మ పోయిన తిథి. ఈ దేశంలో మేమున్న నాలుగిళ్ల నంబర్లు. తన కింద పనిచేసినవాళ్ల పేర్లు. ఏడుగురి రోజుల లెక్కలూ. ఏదో ఒక రోజున తడబడతాననీ, తడబడిన రోజునే నాకు చెప్పేసి, తనే ఏదైనా హోమ్‌లో చేరిపోతాననీ అనుకున్నాడట.

"ఒక్కరోజు కూడా తప్పలేదమ్మా. కానీ నాకు నేను తప్పలేదనుకుంటే సరిపోతుందా? సరిగ్గా చెప్తున్నానో లేదో ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా. నిన్ను అడుగుదామనుకున్నాను. భయమేసింది."

నన్ను చూస్తే మా నాన్నకి భయం వేసింది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. లేచి లోపలికి పారిపోదామనిపించింది. వెళ్లలేదు.

"ఇప్పుడు చెప్పు నాన్నా. నేను చూస్తాను" అన్నాను.

నాన్న సర్దుకుని కూర్చున్నాడు, పరీక్షకి కూర్చున్నట్టే. అమ్మ తిథి చెప్పాడు. కరెక్టే అన్నాను. ఇళ్ల నంబర్లు చెప్పాడు. కరెక్టే. నేను యూనిలో చేరిన ఏడాది, మా పెళ్లిరోజు, మా అమ్మాయి పుట్టిన గంట, నిమిషాలతో సహా. కరెక్టే నాన్నా, కరెక్టే. ఒక్కోదానికీ ఆయన వీపు కాస్త కాస్త నిటారుగా అవుతోంది.

"నువ్వు పుట్టినప్పుడు ఆరు పౌన్ల రెండు ఔన్సులు. కుడిచెయ్యి పిడికిలి బిగించుకుని పుట్టావు. మూడో రోజుగానీ విప్పలేదు. మీ అమ్మ విప్పబోతే ఏడ్చావు. నేను వేలు పెడితే విప్పి, పట్టుకున్నావు."

చెప్పి, నా వైపు చూశాడు. నేను సరేనని చెప్పాలి. దానికి నా దగ్గర కాగితం లేదు, ఫోటో లేదు, అది చూసిన ఇంకో మనిషి ఇప్పుడు లేదు.

"కరెక్టే నాన్నా" అన్నాను.